పర్మిట్ అక్కర్లేదు సరే, నేర్చుకోవడం కూడా అక్కర్లేదా? (టెక్సాస్ వాళ్లు చెప్పండి)

ఇర్వింగ్_కొట్టు
నాకు ఇర్వింగ్‌లో ఒక గ్యాస్ స్టేషన్, దానికే ఆనుకుని చిన్న కొట్టు ఉన్నాయి. సిటిజన్‌షిప్ వచ్చి రెండేళ్లయింది. ఈమధ్య పక్క వీధి కొట్లో దొంగలు పడ్డాక భయమేసి పిస్టల్ కొన్నాను. ఫారం నింపాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది, డబ్బు కట్టాను, చేతికిచ్చేశారు. "క్లాసు ఏమైనా చేయాలా?" అని అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు నవ్వి, మీ ఇష్టం అన్నాడు.

తెలియని వాళ్ల కోసం: 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. బయటికి కనిపిస్తుంటే హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) ఉండాలి, అంతే. ఇలాంటి రాష్ట్రాలు ఇప్పుడు 29 అయ్యాయి.

ఇంటికొచ్చి తూటాలు నింపి, స్లైడ్ లాగి చూశాను. తర్వాత మ్యాగజైన్ (తూటాలు నింపే అర) తీసేసి "ఇక ఖాళీ" అనుకుని డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. స్లైడ్ లాగితే ఛాంబర్‌లోకి (గొట్టం మొదట్లో తూటా పేలే చోటికి) వెళ్లిన తూటా అలాగే ఉండిపోతుందని రాత్రి యూట్యూబ్ చూసేదాకా తెలీదు. మా వాడికి తొమ్మిదేళ్లు. నా లెక్కలో శిక్షణ తప్పనిసరి చేయాల్సిందే. మీరేమంటారు?

ఆస్టిన్_సూటిగా
తమ్ముడూ, నీకు తెలియకపోవడం నీ తప్పు. దానికి మూడు కోట్ల మందిని క్లాసులో కూర్చోబెడతావా? ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఓటు వేసే ముందు పరీక్ష పెడితే ఊరుకుంటావా? ఈ దేశంలో అదీ పెట్టారు, నల్లవాళ్లు ఓటెయ్యకూడదనే పెట్టారు. 1956లో మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేస్తే, ఆయన తుపాకీ పర్మిట్‌కి అప్లై చేశాడు. ఇవ్వలేదు. "పర్మిట్" అన్న మాట వెనక ఆఫీసులో కూర్చున్నవాడి ఇష్టం ఉంటుంది. ఈరోజు శిక్షణ అంటారు, రేపు ఆ శిక్షణ నలభై గంటలు అంటారు.

రేంజ్_పంతులు
కొన్నాళ్లు వారాంతాల్లో లైసెన్స్ క్లాసుల్లో సాయం చేశాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను.

ఆస్టిన్ గారూ, కింగ్ సంగతి నిజమే. కానీ టెక్సాస్‌లో కథ మీరు చెప్పిన దానికి తలకిందులుగా నడిచింది. గంటలు పెరగలేదు, తరిగాయి. 1991లో కిలీన్‌లో ఒక క్యాఫెటేరియాలో 23 మందిని కాల్చి చంపారు. ఆరోజు అమ్మానాన్నలను పోగొట్టుకున్న సుజానా హప్, అప్పటి చట్టానికి భయపడి తన తుపాకీ కార్లో వదిలేసి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆమె ఊరూరా చెప్పిన సాక్ష్యం 1995లో తుపాకీ వెంట పెట్టుకోవడానికి లైసెన్స్ ఇచ్చే చట్టం రావడానికి పెద్ద కారణం. అంటే ఆ చట్టం తుపాకీ వద్దన్న వాళ్లు తెచ్చింది కాదు. అందులో 10 నుంచి 15 గంటల క్లాసు పెట్టారు. 2013లో దాన్ని 4 నుంచి 6 గంటలు చేశారు. 2021లో అసలే అక్కర్లేదన్నారు. ఆ బిల్లు వచ్చినప్పుడు పోలీసు అధికారులతో పాటు, తుపాకీ అంటే ప్రాణం పెట్టే శిక్షకులు కూడా రాజధాని ఆస్టిన్ వెళ్లి వద్దని చెప్పారు. (మా పొట్ట కొడుతున్నారనే బాధ మాలో కొందరికి ఉందని ఒప్పుకుంటాను.)

ఇంకో మాట. షూటింగ్ పరీక్ష మీద నాకేం భ్రమల్లేవు. 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. 250 పాయింట్లకు 175 వస్తే పాస్. మూడు గజాలంటే మన హాల్లో సోఫా నుంచి టీవీ దాకా. అది పాసైనంత మాత్రాన ఎవరూ షూటర్ అయిపోరు.

పోయింది గురి కాదు, క్లాసులో కూర్చుని వినే ఆ నాలుగు గంటలు. అందులో సగానికి పైగా చట్టమే. ఎక్కడికి తీసుకెళ్లకూడదు, ఎప్పుడు బయటికి తీయకూడదు. ప్రతి క్లాసులోనూ ఒకాయన అడిగేవాడు, "రాత్రిపూట నా కారు అద్దం పగలగొడుతుంటే కాల్చొచ్చు కదా?" అని. టెక్సాస్ చట్టం పైపైన చదివితే కాల్చొచ్చన్నట్టే ఉంటుంది. కింద షరతులుంటాయి: వేరే దారి లేదని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. ఆ కారణం సరైనదా కాదా అని తేల్చేది ఆయన కాదు, జ్యూరీ. ఇది చెప్పాక గది నిశ్శబ్దమైపోయేది. యూట్యూబ్‌లో ఆ నిశ్శబ్దం రాదండీ.

రాత్రి_డ్యూటీ_నర్స్
హ్యూస్టన్‌లో నైట్ షిఫ్టులు చేస్తాను. పంతులు గారూ, మీ క్లాసు శనివారం పొద్దున్న ఉంటుంది, నేనప్పుడు నిద్రపోతుంటాను. ఫీజు, రేంజ్ (కాల్పులు సాధన చేసే చోటు) ఖర్చు, తూటాల ఖర్చు, మళ్లీ వేలిముద్రల అపాయింట్‌మెంట్. అర్ధరాత్రి పార్కింగ్‌లో నడిచే ఆడమనిషికి ఇదంతా అయ్యేదాకా ఆగమంటే ఎలా? న్యూయార్క్‌లో 16 గంటల క్లాసు, పైన 2 గంటల కాల్పులు. అది నేర్పడానికా, విసిగించడానికా?

నేను మాత్రం క్లాసు చేశాను. చేయొద్దనడం లేదు.

కర్నూలు_కుర్రోడు
ఊరికే చదివిపోతున్నా. మా దగ్గర 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ కావాలంటే ముందు శిక్షణ సర్టిఫికెట్ కావాలి. ఎన్నికలొస్తే చాలామంది తుపాకీ తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తుంది. సీమ అంటే అందరి దగ్గరా తుపాకులుంటాయని అనుకునేవాళ్లు ఒకసారి అప్లికేషన్ పెట్టి చూడండి.

ఆస్టిన్_సూటిగా
చూశారా, నర్స్ గారే చెప్పారు. పంతులు గారు చెప్పేదంతా మంచిదే, ఉచితంగా చెప్పండి. ఆన్‌లైన్‌లో ఉచిత భద్రతా కోర్సు పెట్టమని 2021 చట్టంలోనే రాశారు కదా. పైగా సొంత కార్లో లైసెన్స్ లేకుండా పెట్టుకోవడం 2007 నుంచే ఉంది. కొంపలేం మునిగిపోయాయి?

రేంజ్_పంతులు
కారు సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. స్కూలుకు వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం (దేశమంతటికీ వర్తించేది). సొంత స్థలంలో ఉన్నా, తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలో పెట్టినా ఫర్వాలేదు. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకు కూడా మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా నింపిన తుపాకీ కార్లో పెట్టుకుని ఫ్రిస్కోలో పొద్దున్న ఎనిమిదింటికి పిల్లల్ని దింపే తండ్రికి ఈ విషయం ఎవరు చెప్పారు? రాష్ట్రం పర్మిట్ అక్కర్లేదంది, ఫెడరల్ చట్టం మాత్రం ఆ పర్మిట్టే చూపించమంటుంది. గుమ్మంలో ఎర్రటి 51 అంకె ఉన్న బార్‌లోకి తుపాకీతో వెళ్తే నేరమని మనవాళ్లలో ఎందరికి తెలుసు?

ఉచిత కోర్సు మంచిదే. అది చూడనివాడి సంగతే నేను మాట్లాడుతున్నది.

ఇర్వింగ్ గారూ, మీ పిస్టల్ రాత్రిపూట ఎక్కడుంటుంది?

ఇర్వింగ్_కొట్టు
కొట్లోనే అండి, కౌంటర్ కింద. రాత్రి నేనుండను. పనిచేసే అమ్మాయి హెచ్-4 ఈఏడీ (హెచ్-1 వాళ్ల భార్య/భర్తకు ఇచ్చే వీసా మీద పని అనుమతి) మీద ఉంది, తనకు ధైర్యంగా ఉంటుందని అక్కడే ఉంచాను.

రేంజ్_పంతులు
వెంటనే తీసేయండి. వాయిదా వేయొద్దు. హెచ్-1, హెచ్-4, ఎఫ్-1 ఏదైనా సరే, ఇమిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉంటే ఫెడరల్ నేరం, 15 ఏళ్ల దాకా శిక్ష. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి, అవి మీ కౌంటర్‌కు పనికిరావు. చేతిలో పట్టుకోనక్కర్లేదు, ఆమె చేతికందేలా ఉంటే ఆమె దగ్గర ఉన్నట్టే లెక్క వేయొచ్చు. తెలిసి అందించిన మీకూ కేసే. గ్రీన్‌కార్డ్ ఉంటే ఈ సమస్య లేదు. లాయర్‌తో మాట్లాడండి.

రాత్రి_డ్యూటీ_నర్స్
ఇది నాకూ తెలీదు. మా ఆయన హెచ్-1 మీద ఉన్నప్పుడు ఫ్రెండ్ తుపాకీతో రేంజ్‌కి వెళ్లి ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఇప్పుడే తీయిస్తున్నా.

ఇర్వింగ్_కొట్టు
కొట్టుకెళ్లి తెచ్చేశాను. ఛాంబర్ రెండుసార్లు చూశాను. ఇంట్లో సేఫ్‌లో పెట్టాను, తాళం నా దగ్గరే ఉంది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెబితే పాపం ఏడుపొక్కటే తక్కువ. తన గ్రీన్‌కార్డ్ ఫైల్ ఏడేళ్లుగా నడుస్తోందట. శనివారం క్లాసుకు పేరు ఇచ్చాను.

ఆస్టిన్_సూటిగా
క్లాసుకు వెళ్లు తమ్ముడూ, మంచిదే. చట్టం మాత్రం చేయమనకు.

ఇర్వింగ్_కొట్టు
అన్నా, నేను ఇక్కడ ఈ ప్రశ్న వేయకపోతే ఆ తుపాకీ ఈ రాత్రికి కూడా కౌంటర్ కిందే ఉండేది.