పాల టీ పోసిన తొకొనమె ఎర్రమట్టి క్యూసు బాగుపడుతుందా?

ప్రశ్న (నగోయా నుంచి)

నమస్కారం. మేము రెండేళ్లుగా నగోయాలో ఉంటున్నాము. కిందటి నెలలో ఇక్కడికి దగ్గరలోనే ఉన్న, మట్టిపాత్రలకు పేరుపొందిన తొకొనమె ఊరికి వెళ్లి, పాత మట్టి గొట్టాలనూ సారా జాడీలనూ గోడలుగా పేర్చిన ఆ ఏటవాలు దారి దాటాక, ఒక కుమ్మరి స్వయంగా నడుపుకునే దుకాణంలో ఎర్రమట్టి క్యూసు, అంటే జపాన్ టీ పాత్ర, ఒకటి కొన్నాను. దానికి పూత లేదు, పిడి పక్కకు ఉంటుంది, కొమ్ము మొదట్లో లోపలివైపు సన్నని బెజ్జాల మట్టి జల్లెడ ఉంటుంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మొన్న ప్రేమగా అల్లం టీ కాచి, అందులో పోసి అందరికీ ఇచ్చారు. తరువాత గిన్నెలు తోమే సబ్బుతో శుభ్రంగా కడిగి పెట్టారు. ఇప్పుడు సెంచా, అంటే జపాన్ గ్రీన్ టీ, పోస్తే ముందు పాల వాసన, దాని వెనకే సబ్బు వాసన తెలుస్తున్నాయి. టీ కూడా ధారగా రాకుండా బొట్లుబొట్లుగా పడుతోంది. దీనిని బాగుచేసుకునే దారి ఉందా? మరొక సందేహం కూడా ఉంది. అదే ఊరిలో అచ్చుపోసిన క్యూసులు చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. చేతిపనికి అంత ఎక్కువ పెట్టడం సబబేనా?

జవాబు 1 (హైదరాబాదు నుంచి)

మీ క్యూసు పాడైపోలేదు, కంగారు పడకండి. తొకొనమె ఎర్రమట్టి 1100 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలి బాగా గట్టిపడుతుంది కాబట్టి, మన నీళ్లకుండ పీల్చుకున్నంతగా అది దేనినీ పీల్చుకోదు. మీకు వస్తున్న వాసనలో ఎక్కువ భాగం జల్లెడ దగ్గరే ఉండాలి. పాలు చల్లారేటప్పుడు కట్టిన మీగడ ఆ బెజ్జాల వెనక, అంటే కొమ్ము లోపల, పొరగా పట్టుకుంటుంది. అక్కడికి వేలూ పోదు, పీచూ పోదు. ధార తగ్గడానికి కారణం కూడా అదే.

ముందుగా గోరువెచ్చని నీటితో నింపి ఒక గంట నాననిచ్చి, సన్నని మెత్తటి కుచ్చు బ్రష్షును కొమ్ములోంచి పంపి నెమ్మదిగా తిప్పండి. సూది మాత్రం వాడకండి, ఎందుకంటే బెజ్జాల మధ్య ఉండే మట్టి చాలా పలుచన, అది విరిగిందంటే రెండు బెజ్జాలు ఒకటై ఆకు కప్పులోకి వస్తుంది. ఆ తరువాత ఒక చెంచా వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటిని రాత్రంతా ఉంచి, పొద్దున నాలుగైదుసార్లు వట్టి నీటితో తొలవండి. చివరగా చౌకరకం హోజిచా, అంటే వేయించిన టీ ఆకు, వేడినీటితో నింపి, చల్లారేదాకా ఉంచి పారబోయండి. మూడు నాలుగు రోజులు ఇలా చేస్తే చాలావరకు సరిపోతుంది. ఇకమీదట సబ్బు వద్దు, నీళ్లే చాలు. ఆరేదాకా మూత పెట్టకండి, లేకపోతే ముక్కిన వాసన పడుతుంది. అత్తయ్యగారికి కారణం చెప్పడానికి మొహమాటపడకండి. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని వారికి ఈ సంగతి ఒక్కసారి చెబితే అర్థమవుతుంది.

జవాబు 2 (ఒసాకా నుంచి)

రెండో సందేహం గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ పనిని దగ్గర నుంచి చూసినప్పటి నుంచి నాకు ఆ ధర ఎక్కువ అనిపించడం లేదు. క్యూసు సారె మీద ఒక్క ముద్దలోంచి పుట్టేది కాదు. కడుపు, మూత, కొమ్ము, పిడి, జల్లెడ దేనికది చేసి, అన్నీ ఇంచుమించు ఒకే తేమలో ఉండగా అతకాలి. ఒకటి ముందుగా ఆరిపోతే అతుకు దగ్గర పగులుతుంది. కాలిన తరువాత మూతనూ అది కూర్చునే అంచునూ మధ్యలో గరుకుపొడి వేసి అరగదీస్తారు, అందుకే ఒకదాని మూత మరొకదానికి సరిగా పట్టదు. ఇంట్లోనే చూసుకోండి: నీళ్లు నింపి, మూత మీది బెజ్జాన్ని వేలితో మూసి వంచితే ధార ఆగాలి, వేలు తీయగానే మళ్లీ రావాలి. కొమ్ముకు పిడి దాదాపు లంబంగా ఉండడం కూడా అందానికి కాదు, బొటనవేలితో మూతను అదిమిపట్టి మణికట్టు తిప్పితే చివరి బొట్టు దాకా వంచుకోవడానికి. సెంచాకు ఆ చివరి బొట్టే ముఖ్యం. నీరు మిగిలితే ఆకు నానుతూనే ఉండి రెండో కాపు చేదెక్కుతుంది. ఎడమచేతి వాటం వారికి పిడిని అటువైపు పెట్టి కూడా చేస్తారు.

ఈ ఎర్రమట్టి పని తొకొనమెలో 1854లో సుగియె జుమోన్ అనే కుమ్మరి చేతిలో కుదిరింది. 1878లో చైనా నుంచి వచ్చిన జిన్ షిహెంగ్ అక్కడి ఇషింగ్ ఊరి పద్ధతిని నేర్పాడు, అంటే మట్టిని పలకలుగా తట్టి అతికే పద్ధతి. తొకొనమె వారు అది నేర్చుకున్నా సారెను వదలలేదు. 1998లో జపాన్ ప్రభుత్వం మూడవ యమదా జోజాన్ అనే కుమ్మరిని ‘సజీవ జాతీయ నిధి’ అనే గౌరవంతో గుర్తించింది, అదీ తొకొనమె క్యూసు పనికే. కొనేటప్పుడు అడుగున గానీ పిడి కింద గానీ ఉండే ముద్రను ఒక్కటే నమ్మకండి, అచ్చుపోసిన వాటికీ ముద్ర ఉంటుంది. మూత తిరగేసి, కడుపు లోపల వెలుగు పడేలా పట్టుకుంటే, చేతిపని అయితే వేళ్లు తిరిగిన గీతలు తరచుగా కనిపిస్తాయి.

జవాబు 3 (విజయవాడ నుంచి)

మొదటి జవాబు తొకొనమెకు సరిపోతుంది కానీ, అన్ని ఊళ్ల మట్టికీ అదే వర్తిస్తుందని ఎవరూ అనుకోకూడదు. జపాన్‌లోనే హగి అనే మరో ఊరి పాత్ర మట్టి గుల్లగా ఉంటుంది, దాని పూతలో సన్నని పగుళ్లు ఉంటాయి. టీ వాటిలోకి ఇంకి ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారుతుంది, జపాన్ వారు దానిని హగి ఏడు మార్పులని మురిపెంగా చెప్పుకుంటారు. అటువంటి దానిలో పాల టీ పోస్తే వాసన వదలడం చాలా కష్టం. అల్లం టీకి లోపల పూత ఉండి, వెడల్పు మూతి ఉన్న పాత్ర వేరే పెట్టుకోవడం మేలు.

ఇనుప పాత్రలు కొనేవారికి కూడా ఒక హెచ్చరిక. ఇవాతె ప్రాంతంలో పోతపోసే నీళ్ల కెటిల్ తెత్సుబిన్‌కు లోపల ఎనామిల్ ఉండదు, దానిని పొయ్యి మీద పెడతారు. ఇనుప క్యూసుకు లోపల ఎనామిల్ ఉంటుంది, దానిని పొయ్యి మీద పెట్టకూడదు. నేను తేడా తెలియక రెండోదానిని గ్యాస్ మంట మీద పెట్టాను. నెల తిరగకుండానే అడుగున పెచ్చు లేచి, అక్కడ తుప్పు పట్టింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే నానబెట్టి బ్రష్షు తిప్పాను. కొమ్ములోంచి తెల్లని పొర, గోరంత ముక్కలుగా బయటికి వచ్చింది, ఆ వెంటనే ధార మునుపటిలా సాగింది. మూత బెజ్జం పరీక్ష కూడా నెగ్గింది. మూడు రోజుల హోజిచా తరువాత ఇవాళ ఐదు గ్రాముల సెంచాకు కాస్త చల్లార్చిన నీళ్లు పోసి, నిమిషం ఉంచి వంచాను. పాల వాసన లేదు, సబ్బు మాత్రం చివరి గుక్కలో లీలగా ఉంది. అందుకని ఇంకో వారం హోజిచాయే పోస్తాను. అత్తయ్యగారికి సంగతి చెప్పాను. ఆవిడ అల్లం టీ కోసం లోపల పూత ఉన్న పాత్ర ఒకటి తామే చూసి కొంటామన్నారు, ఈ ఆదివారం ఇద్దరమూ కలిసి మళ్లీ తొకొనమె వెళ్తున్నాము.