రిటైరయ్యాక చిత్తూరు వదిలి వెళ్లాలా? వెళితే వేలూరా, మైసూరా, హోసూరా, కోయంబత్తూరా?

చిత్తూరు టీచరమ్మ:

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మావారు బ్యాంకులో పనిచేసి నాకంటే ముందే ఇంటిపట్టున చేరారు. ఇద్దరికీ పెన్షను వస్తుంది. కొంగారెడ్డిపల్లెలో సొంత ఇల్లుంది. కింద భాగం అద్దెకిచ్చి పైన మేముంటున్నాం. పిల్లలిద్దరూ బెంగళూరులో స్థిరపడ్డారు. "ఇంకా అక్కడెందుకమ్మా, ఇల్లు అమ్మేసి మాకు దగ్గరగా వచ్చేయండి" అని పండగకు వచ్చినప్పుడల్లా అదే మాట.

బెంగళూరులో మాత్రం ఉండలేం. తెల్లవారగానే కట్టమంచి చెరువు వైపు నడిచి, వచ్చేటప్పుడు ఆకుకూర తెచ్చి, దారిలో నలుగురిని పలకరిస్తే తప్ప మావారికి పొద్దు గడవదు. ఎత్తయిన అపార్టుమెంటులో ఆయన చిక్కిపోతారు. అలాగని ఇక్కడే ఉండిపోదామంటే నాకు భయం. ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది గదుల్లో రాత్రి కూడా వేడి దిగదు. ఎండాకాలం ముదిరిందంటే నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూపులు.

పక్క రాష్ట్రాల్లో నాలుగు ఊళ్లు అనుకుంటున్నాం. సీఎంసీ ఆసుపత్రి ఉందని వేలూరు. చల్లగా ఉంటుందని, మన చిత్తూరు మీదుగానే చామరాజనగర్ రైలు వెళుతుందని మైసూరు. తెలుగువాళ్లు ఎక్కువ, పిల్లలకు దగ్గర కాబట్టి హోసూరు. పెద్దవాళ్ల కోసమే కట్టిన కాలనీల్లో వంట, నర్సు అన్నీ వాళ్లే చూసుకుంటారని కోయంబత్తూరు.

ఒక చిక్కు ఉంది. మావారిది గుడిపాల వైపు పల్లె. తమిళం తెలుగంత ధారాళంగా మాట్లాడతారు. నాది పీలేరు. తమిళం వింటే అర్థమవుతుంది కానీ, డాక్టరుకు నా నొప్పి నేను చెప్పుకోగలిగినంత రాదు.

ఇల్లు ఎక్కడ చౌక అని అడగడం లేదు. ఇద్దరిలో ఒకరమే మిగిలిన రోజున, ఆ ఒక్కరు ఎవరి మీదా భారం కాకుండా బతకగలిగే ఊరేది? ఇలా రాష్ట్రం మారి వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.

కాట్పాడి పెద్దాయన:

అమ్మా, మాది నగరి. రైల్వేలో చేసి కాట్పాడిలోనే ఉండిపోయాను. వైద్యానికి వేలూరు రావడం వేరు, కాపురానికి రావడం వేరు. ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క పడకతో మొదలుపెట్టిన ఆసుపత్రికి ఇప్పుడు బెంగాల్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి కూడా రోగులు వస్తారు. దాని చుట్టుపక్కల వీధులన్నీ లాడ్జీలు, మందుల దుకాణాలు, సంచులు మోసుకుని గది వెతుక్కునే కుటుంబాలు. అక్కడ మీవారు పొద్దున్నే నడవలేరు. ఉండాలంటే కాట్పాడి గాంధీనగర్ లాంటి చోట చూసుకోవాలి. ఎండకు భయపడి వస్తానంటే మాత్రం వద్దంటాను. వేలూరు ఎండ చిత్తూరుకు ఏమీ తీసిపోదు.

మీరు ఆలోచించవలసింది మరొకటి ఉంది. చిత్తూరు నుంచి సీఎంసీకి సుమారు 35 కిలోమీటర్లు. బస్సులకు కొదవ లేదు. గుడిపాల మండలంలో వాళ్లదే చిత్తూరు ప్రాంగణం కూడా ఉంది. మూడు నెలలకో ఆరు నెలలకో చూపించుకోవడానికి ఊరు మారనక్కర్లేదు. గుండె విషయంలో అసలు పరీక్ష అర్ధరాత్రి వచ్చే నొప్పి. అప్పుడు పెద్ద ఆసుపత్రి పేరు పనికిరాదు, మొదటి గంటలో ఎవరు చూస్తారన్నదే లెక్క. ఈసీజీ తీసి, గుండెపోటని తేల్చి, గడ్డ కరిగించే మందు ఇవ్వడమో వెంటనే యాంజియోప్లాస్టీ చేయడమో రాత్రిపూట కూడా జరిగే ఆసుపత్రి ఇంటికి ఎంత దూరం? మీరు రాసిన నాలుగు ఊళ్లలో ఏ ఊరైనా సరే, ఇల్లు చూడకముందే స్వయంగా వెళ్లి ఈ ఒక్క ప్రశ్న అడగండి. చిత్తూరులో ఇప్పుడున్న ఇంటి గురించి కూడా అడగండి.

మైసూరులో తిరుపతి ఆడపడుచు:

అక్కా, మీ ఆఖరి ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను. ఇద్దరిలో మిగిలిన ఆ ఒక్కదాన్ని నేనే.

మాది తిరుపతి బాలాజీ కాలనీ. మావారు యూనివర్సిటీలో పనిచేసి రిటైరయ్యాక మైసూరు వచ్చాం. కొన్నేళ్లు ఇద్దరం హాయిగా ఉన్నాం. ఆయన పోయాక పిల్లలు రమ్మన్నారు, తిరుపతిలో అన్నయ్యలు రమ్మన్నారు. నేను ఇక్కడే ఉండిపోయాను. ఇలా ఉండగలగడానికి కారణం మైసూరు గొప్పతనం కొంత, ఇల్లు ఉన్న చోటు చాలా.

మేము కువెంపునగర్‌లో కింది అంతస్తులో అద్దెకు దిగాం. కూరగాయలు, మందుల దుకాణం, బ్యాంకు, బస్సు స్టాపు, ఒక చిన్న గుడి, ఇవన్నీ నా నడకలో ఉండాలని మావారు పట్టుబట్టారు. ఊరి బయట తోటలాంటి లేఅవుట్లలో సగం అద్దెకే పెద్ద ఇళ్లు చూపించారు. ఆయన ఒప్పుకోలేదు. కారు నడిపేది ఆయనే, నాకు రాదు. "నేను లేని రోజున నువ్వు పాలప్యాకెట్టుకు ఎవరిని బతిమాలుకుంటావు?" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు కష్టంగా అనిపించింది. ఇప్పుడు సంచి పట్టుకుని వీధిలోకి వెళ్లినప్పుడల్లా ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

భాష సంగతి. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర కాబట్టి బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు కొద్ది రోజుల్లోనే చదివేశాను. మీరు తెలుగు టీచరు, మీకు ఇంకా సులువు. మాట్లాడటానికి కొంచెం సమయం పట్టింది. రాగి సంగటి తిని పెరిగినవాళ్లం, ఇక్కడి రాగిముద్ద పరాయి తిండి అనిపించలేదు. గుండెకు కేఆర్ఎస్ రోడ్డులో ప్రభుత్వ జయదేవ ఆసుపత్రి ఉంది. మావారిని అక్కడే చూపించేవాళ్లం. వాతావరణం మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. సముద్రమట్టానికి 750 మీటర్లకు పైగా ఉన్న ఊరు కాబట్టి తిరుపతి ఎండతో పోలికే లేదు, కానీ మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడా చెమటలు పడతాయి. ఫ్యాను లేని రోజులు ఉండవు. పిల్లలకు బెంగళూరు నుంచి 2023లో తెరిచిన కొత్త రహదారి మీద రావడం తేలికయింది. ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోగలరు.

ఆయన పోయిన రాత్రి పై అంతస్తువాళ్లు, గుడిలో పరిచయమైన దంపతులు తెల్లవార్లూ నాతో కూర్చున్నారు. తిరుపతి వాళ్లు చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. ఆ దూరం దూరమే, దాన్ని తగ్గించి చెప్పను. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది కాబట్టి ధ్రువపత్రం ఇక్కడిది, పెన్షను కాగితాలు ఆంధ్రావి. పెన్షను మంజూరు పత్రం పీపీవో నకలు, ఆధార్, బ్యాంకు వివరాలు మావారు ఒకే ఫైలులో పెట్టి నాకు ముందే చూపించి ఉంచారు. ఆ ఫైలు ఉండబట్టి కుటుంబ పెన్షను పని నడిచింది. తిరుపతి అన్నమాచార్య కళామందిరంలో సాయంత్రం పూట వినే కీర్తనల కోసం మాత్రం ఇప్పటికీ మనసు లాగుతుంది.

అందుకని నా మాట ఇది. ఊరు మీరు ఎంచుకోండి అక్కా, మీవారు కాదు. ఆయనకు తమిళం వచ్చు, ఎక్కడైనా నెగ్గుకొస్తారు. డాక్టరుతో మాట్లాడలేని ఊళ్లో మీరు ఒంటరిగా ఉండకూడదు.

హోసూరు బావమరిది:

హోసూరులో తెలుగుకు లోటు లేదు మేడమ్, ఇంట్లోనూ అంగట్లోనూ తెలుగే వినిపిస్తుంది. చలువ కూడా బాగుంటుంది. కానీ ఇది ఫ్యాక్టరీల ఊరు. లారీలు, షిఫ్టు బస్సులు, ఏటేటా పెరిగే అద్దెలు. పొద్దున నడకకు వెళ్లే పెద్దాయనకు జాతీయ రహదారికి దూరంగా, లోపలి వీధిలో ఇల్లు దొరికితేనే రండి.

తిరుపతి రిజిస్ట్రేషన్ రిటైర్డ్:

మేడమ్, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊరి సంగతి తర్వాత, ముందు ఇంటి సంగతి. చిత్తూరు ఇల్లు ఇప్పుడే అమ్మకండి. కొత్త ఊరు పడకపోతే తిరిగి రావడానికి అదొక్కటే దారి. ఇక్కడ మళ్లీ ఒక ఇల్లు కొనాలంటే స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర రూపాయలు వాటికే పోతాయి. అమ్మిన డబ్బు పిల్లల పేరున పెట్టి వాళ్ల దగ్గర ఇల్లు కొనాలన్న ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. మీ పిల్లలు మంచివాళ్లే అయ్యుంటారు, నేను వాళ్లను అనడం లేదు. ఏది రాసిచ్చినా, "మమ్మల్ని చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. అలాంటి షరతుతో ఇచ్చిన ఆస్తిని, షరతు తప్పినప్పుడు రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు కాగితం మీద లేకపోతే వాదన బలహీనపడుతుంది. ఎంతోమంది పెద్దవాళ్లు గిఫ్టు దస్తావేజు మీద వేలిముద్ర వేసి, ఆ తర్వాత మా గుమ్మం ముందు కూర్చుని ఏడవడం చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కోయంబత్తూరు కాలనీల గురించి. నిజంగానే పెద్దవాళ్ల కాలనీలకు ఆ ఊరు పేరు పొందింది. వెళ్లి చూడండి, తప్పులేదు. కానీ భోజనశాల, తోట చూసి మురిసిపోకుండా ఒప్పందం చదవండి. నెలవారీ ఖర్చు ఏటా ఎంత పెంచుతారు? ఒకరు పోతే రెండోవారికి అదే హక్కు ఉంటుందా? మంచాన పడితే అక్కడే చూస్తారా, తీసుకుపొమ్మంటారా? తిరిగి అమ్మేటప్పుడు ఎవరికైనా అమ్మవచ్చా, వాళ్లకే ఇవ్వాలా? కొత్తగా కట్టేదైతే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదైందో లేదో చూడండి. ఈ ప్రశ్నలకు నోటిమాటగా కాక రాతలో జవాబు ఇవ్వనివాళ్ల దగ్గర అడ్వాన్సు కట్టవద్దు.

చివరగా, అసలు రాష్ట్రం దాటడం ఎందుకు? తిరుపతికి రండి. పెద్ద ఆసుపత్రి స్విమ్స్ ఉంది, ఎముకలకు బర్డ్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి రుయా ఉంది. ఉద్యోగుల ఆరోగ్య కార్డు పక్క రాష్ట్రంలో చెల్లుతుందా అన్న గొడవ ఉండదు, భాష మనది.

చిత్తూరు టీచరమ్మ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తిరుపతి సార్, మీ మాట కొట్టిపారేయడం లేదు. స్విమ్స్ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఎండకు భయపడి బయలుదేరినదాన్ని, చిత్తూరుకంటే వేడిగా ఉండే తిరుపతికి ఎలా వస్తాను? బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి ఊరంతా యాత్రికులతో నిండిపోతే ఆటో ఎక్కడమే కష్టం. స్వామి దర్శనానికి వస్తాను, ఉండటానికి నాకు ధైర్యం చాలడం లేదు.

మైసూరు చెల్లెమ్మా, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "నువ్వే చూడు, నువ్వు ఏది అంటే అదే" అన్నారు. కోయంబత్తూరు, వేలూరు మానుకున్నాం. వేలూరు ఎప్పటిలాగే చూపించుకుని రావడానికి. ఇల్లు అమ్మడం లేదు. వచ్చే ఎండలు మొదలయ్యేలోగా మైసూరులో ఏడాదికి అద్దె ఇల్లు తీసుకుని, వాన, చలి, ఎండ అన్నీ అక్కడ చూస్తాం. పడకపోతే కొంగారెడ్డిపల్లెలోనే ఉంటాం. అప్పుడు కింద అద్దెవాళ్లను పంపించి మేము కిందికి దిగుతాం. ఇది మావారి షరతు, నాకూ సమ్మతమే.

రెండు విషయాలు మాత్రం తేలలేదు. మా ఉద్యోగుల ఆరోగ్య కార్డు అక్కడ పనికొస్తుందా? మా కారు ఏపీ నంబరుది, అది ఏమవుతుంది?

మైసూరులో తిరుపతి ఆడపడుచు:

ఆరోగ్య కార్డు కింద ఉన్న ఆసుపత్రులు ఎక్కువగా ఆంధ్రాలోనే ఉంటాయి అక్కా. బయలుదేరే ముందే జాబితాలో మైసూరు, బెంగళూరు పేర్లు ఏవైనా ఉన్నాయేమో చూసుకోండి. దాన్నే నమ్ముకోకుండా విడిగా బీమా తీసుకుంటే మంచిది. 2024 నుంచి 65 ఏళ్లు దాటినవారికి పాలసీ ఇవ్వకూడదన్న పరిమితి లేదు. కానీ ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వేచి ఉండాలని షరతు పెట్టవచ్చు. స్టెంటు సంగతి దాచకుండా రాయండి, దాచితే క్లెయిము తిరస్కరిస్తారు. ఆ మూడేళ్లకు సరిపడా డబ్బు మీ ఇద్దరి పేరున, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా బ్యాంకులో ఉంచండి. బతికున్నామని పెన్షను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు మాత్రం చిత్తూరు పరుగెత్తనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో నడిచే జీవన్ ప్రమాణ్‌లో ఇక్కడి నుంచే ఇవ్వవచ్చు.

కారు 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే చిత్తూరు ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, ఎన్‌ఓసీ తెచ్చి కర్ణాటక నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. మీరు ఏడాది చూసి నిర్ణయించుకుంటానంటున్నారు కాబట్టి ఆ లోపు తొందర లేదు. ఓటు కూడా అంతే. ఉండిపోవాలని తేల్చుకున్నాక ఫారం 8 పెట్టి మార్చుకోండి.

అద్దె ఇంటికి అడ్వాన్సు మన దగ్గరకంటే బాగా ఎక్కువ అడుగుతారు, బేరమాడండి. ఇల్లు చూడటానికి ఆదివారం రాకండి. మామూలు రోజున వచ్చి, కారు లేకుండా మీరొక్కరే కూరగాయలకు, మందుల దుకాణానికి వెళ్లి రండి. మీవారిని మా ఇంట్లో కూర్చోబెట్టండి, కాఫీ నేను ఇస్తాను.