డిస్నీ వరల్డ్ హోటల్ బఫేలు: మాంసం, గుడ్డు ముట్టని పెద్దవాళ్లతో ఏది నయం?

చారు_మిరియం అడిగిన ప్రశ్న

డిసెంబర్ మూడో వారంలో ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నాం. మొత్తం ఏడుగురం: ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా, మేమిద్దరం, పిల్లలు ముగ్గురు (11, 9, రెండున్నర). డిస్నీ హోటల్లోనే నాలుగు రాత్రులు ఉంటాం. ఒక పూట పార్కు మానేసి ఏదైనా హోటల్ బఫేలో తిందామని ఉంది. బోమా, షెఫ్ మిక్కీస్, కేప్ మే కఫే, ఈ మూడు అనుకున్నాం. అమ్మా నాన్నా ఇద్దరూ శాకాహారులు. నాన్న కేకులో గుడ్డుంటే పట్టించుకోరు, అమ్మ అది కూడా ముట్టదు. ఏది నయం? ఎన్నాళ్ల ముందు బుక్ చెయ్యాలి? బిల్లు ఎలా వేస్తారు?

ఎండమావి_407

ముందు బుకింగ్ సంగతి. మామూలుగా 60 రోజుల ముందు తెరుస్తారు. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి చెక్ ఇన్ తేదీకి 60 రోజుల ముందే ఆ బస మొత్తానికీ (10 రోజుల వరకు) బుక్ చేసుకునే వీలుంది. కాబట్టి మీ భోజనం చివరి రోజుకి పెట్టుకోండి, బయటివాళ్ల కన్నా మూడు నాలుగు రోజులు ముందుంటారు. డిస్నీ యాప్‌లో తెరిచేది ఓర్లాండో టైం ఉదయం 6 గంటలకి. డాలస్‌లో ఉంటే 5, కాలిఫోర్నియాలో ఉంటే 3. అలారం పెట్టుకోండి. కార్డు నంబరు ముందు రాత్రే అకౌంట్‌లో ఎక్కించి ఉంచండి, అది కొట్టేలోపు టేబుల్ పోతుంది.

ఏడుగురికి ఒకే టేబుల్ దొరకడం కష్టం. రెండున్నరేళ్ల పాపని కూడా లెక్కలో వెయ్యాలి, కుర్చీ కావాలి కదా. 7కి లేదంటే అదే టైంకి 4, 3గా రెండు తీసుకుని, వెళ్లగానే హోస్ట్ స్టాండ్ దగ్గర పక్కపక్కన వెయ్యమని అడగండి. కుదిరితే వేస్తారు, మాట మాత్రం ఇవ్వరు. అసలేమీ దొరక్కపోయినా ఆశ వదలొద్దు. భోజనానికి 2 గంటల ముందు వరకు రద్దు చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, ఆ తర్వాతైతే మనిషికి 10 డాలర్లు పడుతుంది. అందుకే ముందు రోజు రాత్రి, అదే రోజు పొద్దున చాలామంది వదిలేస్తారు. ఆ టైంలో యాప్ తిరగేస్తూ ఉండండి.

బిల్లు. 10 నిండితే పెద్దవాళ్ల ధరే, మీ 11 ఏళ్ల పిల్లకి అదే పడుతుంది. 3 నుంచి 9 వరకు పిల్లల ధర. 3 నిండని పాపకి ఏమీ లేదు. ధర తేదీని బట్టి మారుతుంది, మీ రోజు మెనూ తెరిచి చూసుకోండి. లెక్క కోసం పెద్దలకి 60, పిల్లలకి 35 అనుకుందాం. ఐదుగురికి 300, ఒకరికి 35, కలిపి 335. దాని మీద టాక్సు 6.5%, అంటే 21.78. ఆరుగురూ అంతకు మించీ ఉంటే 18% టిప్పు వాళ్లే వేసేస్తారు, 60.30. మొత్తం 417 పైచిలుకు. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు: టిప్పు కలిపేసిన బిల్లులో కూడా కింద ఇంకో టిప్పు గీత ఖాళీగా ఉంటుంది. పైన చూడకుండా అక్కడ మళ్లీ 20% రాసేస్తే అంతే సంగతులు.

మూడింట్లో కేప్ మే రాత్రి పూట వద్దు. అప్పుడది ఎక్కువగా సముద్రపు తిండి, పీత కాళ్లు గుట్టలు పోసి ఉంటాయి. ఆ వాసనకి మీ అమ్మగారు కూర్చోలేరు. షెఫ్ మిక్కీస్‌లో మీరు డబ్బు కట్టేది మిక్కీ, మిన్నీ, డోనాల్డ్, గూఫీ, ప్లూటోల కోసం, తిండి కోసం కాదు. తిండే ముఖ్యమైతే బోమా.

గటక_ముద్ద

బోమా మీద నాదీ అదే మాట. అయితే లోపల ఏది తినొచ్చో తెలియకపోతే శాకాహారులు బ్రెడ్డూ పండ్లూ తిని లేస్తారు, కాస్త వివరంగా రాస్తా.

ఇది ఆఫ్రికన్ వంటకాల బఫే. జంతువులు తిరిగే మైదానాల మధ్య కట్టిన యానిమల్ కింగ్డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లో, జాంబో హౌస్ అనే భవనం లాబీకి కింద ఉంటుంది. పార్కు టికెట్ అక్కర్లేదు. వంటకాలు ఒకే పొడవు వరుసలో ఉండవు, గడ్డి కప్పు గుడిసెల్లాంటి అరలుగా విడివిడిగా ఉంటాయి. ప్లేటు పట్టుకోకుండా ముందు ఒక చుట్టు తిరిగి రండి.

కూర్చోగానే, మొదటి ప్లేటుకి లేవకముందే, సర్వర్‌తో షెఫ్‌ని పిలిపించమనండి. డిస్నీ బఫేల్లో షెఫ్ వచ్చి మీతో పాటు తిరిగి ఏది ఏమిటో చెప్తారు. 'వెజిటేరియన్' అని ఊరుకోవద్దు. ఇక్కడ ఆ మాటలో గుడ్డు ఉంటుంది, ఒక్కోసారి చికెన్ బ్రాత్ (కోడి ఉడికించిన నీళ్లు) కూడా దూరిపోతుంది. 'నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో బ్రాత్, నో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది)' అని విడమర్చి చెప్పండి. ఇంకా సులువు, అమ్మగారి వరకు 'ప్లాంట్ బేస్డ్' అనేయండి. మెనూలో ఆకు గుర్తు ఉన్నవి అవే. పాలు, పెరుగు, చీజ్ విడిగా అడిగి తీసుకోవచ్చు.

మోసపోయే వంటకం బొబోటీ. లోతు ట్రేలో, పైన పసుపురంగులో మెత్తగా కాల్చిన పొర, ముక్కలుగా కోసినట్టుంటుంది. చూస్తే ఏదో కూరగాయల బేక్ అనుకుంటాం. పై పొర గుడ్డూ పాలూ, కింద మాంసం ఖీమా. కూర మసాలా వాసన వస్తుంది కాబట్టి మనవాళ్ల చెయ్యి తిన్నగా దాని మీదకే పోతుంది! సూపుల విషయంలోనూ అంతే, పేరులో గుమ్మడి, క్యారెట్ ఉన్నంత మాత్రాన నీళ్లతో కాచారని కాదు.

తినదగ్గవి: హుమ్ముస్ (సెనగలు రుబ్బిన ముద్ద), సలాడ్లు, కూస్‌కూస్ (గోధుమ రవ్వ లాంటిది), ఫుఫు. అక్కడి ఫుఫు బంగాళాదుంప, చిలగడదుంప మెదిపి చేసినది, వెన్న పడుతుందేమో అడగండి. మొక్కజొన్న పాప్ కనబడితే వదలొద్దు, మన మొక్కజొన్న గటకకి అక్క లాంటిది. చకలకా అని టమాటా, మిరప కలిపి చేసిన, నంజుకునేది ఒకటి ఉంటుంది, దాంతో కలిపితే నాన్నగారికి కారం కూడా అందుతుంది. (దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకి 1860 నుంచి మద్రాసు ఓడల్లో వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు, దక్షిణాఫ్రికా వంటలో మనకి తెలిసిన రుచులు తగలడానికి అదొక కారణం. బొబోటీ మాత్రం అక్కడి కేప్ ప్రాంతంలో స్థిరపడిన ఆగ్నేయాసియా మూలాలున్న కేప్ మలయ్‌వాళ్లది.)

తీపిలో జీబ్రా డోమ్‌కి పెద్ద పేరు. తెల్ల చాక్లెట్ బుడిపె మీద నల్ల చారలు, బొటనవేలంత. పిల్లలు గిన్నెడు తెచ్చుకుంటారు. అందులో అమరులా అనే క్రీమ్ మద్యం పడుతుంది, చాలామందికి ఈ సంగతి తెలీదు. పైగా ఇలా నురగలా మెత్తగా చేసే మూస్‌లకి జెలటిన్ వాడటం మామూలే. అమ్మగారికి పండ్ల ముక్కలే క్షేమం.

మాంసం ట్రేలోని పట్టకారు కూరగాయల ట్రేలోకి రావడం ఏ బఫేలోనైనా జరిగేదే. అది పట్టింపు అయితే, వంటింట్లోంచి విడిగా ప్లేటు పెట్టి తెమ్మని షెఫ్‌నే అడగండి. పదిహేను నిమిషాలు ఆగాలి, అంతే. ఇంకోటి, రెండోసారి వెళ్లినప్పుడు ఎంగిలి ప్లేటు పట్టుకెళ్లకూడదు, కొత్తది తీసుకోవాలి. ఇక్కడి ఆహార నిబంధన అది. ప్లేటు వృథా అని పెద్దవాళ్లు పాతదే పట్టుకెళ్తారు, ముందే చెప్పి ఉంచండి.

చారు_మిరియం

చాలా థాంక్స్ అండి. బోమా పొద్దున పూట చవక కదా, టిఫినుకే వెళ్తే?

గటక_ముద్ద

మీ నాన్నగారికి సరే, అమ్మగారికి కాదు. అమెరికా టిఫిను అంటేనే గుడ్డు. వాఫుల్, పాన్‌కేక్, ఫ్రెంచ్ టోస్ట్, మఫిన్, దేని పిండిలోనైనా గుడ్డు ఉంటుందనే అనుకోవాలి. మిగిలేది బంగాళాదుంపలు, పాప్, పండ్లు, బ్రెడ్డు. గుడ్డు తినేవాళ్లకైతే మాత్రం రాత్రి కన్నా పొద్దునే గిట్టుబాటు.

నక్కతోక_తొక్కినవాడు

మీ ఇద్దరితో ఒక్క దగ్గర పేచీ. అరవై దాటిన శాకాహారి బఫేలో ఎంత తింటారు? ఒక ప్లేటున్నర. పక్కన మాంసం కోయించుకుని నాలుగు ప్లేట్లు లాగించేవాడితో సమానంగా డబ్బు కట్టాలి. అదే లాడ్జ్‌లో కిదానీ విలేజ్ వైపు సనా అని ఉంది, జాంబో హౌస్ నుంచి పది నిమిషాల నడక. బఫే కాదు, టేబుల్ దగ్గరికి తెచ్చి పెడతారు. అక్కడ ఇండియన్ బ్రెడ్ సర్వీస్ అని ఒకటుంది: నాన్, ఉల్లిపాయ కుల్చా, పనీర్ పరోటా లాంటి ఐదు రకాలు, వాటితో నంజుకోవడానికి తొమ్మిది రకాలు. రైతా, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, మామిడి చట్నీ, వెల్లుల్లి పచ్చడి, నిమ్మకాయ హాలపీనో పచ్చడి అందులోవే. మీ ఏడుగురికి రెండు చెప్పి, పైన కావలసినవి చెప్పుకుంటే బఫే బిల్లు దరిదాపుల్లోకి కూడా రాదు. నాన్ పిండిలో గుడ్డుందా అని అమ్మగారి కోసం అడగండి. మధ్యాహ్నం వెళ్తే కిటికీ అవతల జిరాఫీలు మేస్తూ కనిపిస్తాయి.

పిల్లలకి మిక్కీయే కావాలంటే అప్పుడు షెఫ్ మిక్కీస్‌కి వెళ్లండి, అదీ మీ ఇద్దరూ పిల్లలూ మాత్రమే. అక్కడ పాత్రలు టేబుల్ టేబుల్‌కీ తిరుగుతాయి, కాబట్టి అందరూ ఒకేసారి ప్లేట్లకి లేవకండి, పెద్దవాళ్లలో ఒకరు టేబుల్ దగ్గర ఉండాలి. మీరు లేనప్పుడు ఎవరైనా వచ్చి వెళ్లిపోతే వెంటనే సర్వర్‌కి చెప్పండి. బిల్లు కట్టాక చెప్తే లాభం లేదు.

ఎండమావి_407

సనా మాట ఒప్పుకుంటా, డబ్బు పరంగా అదే మేలు. పిల్లలు తలా ఒకటి ఏరుకుని తినే సరదా కావాలంటే మాత్రం బోమానే.

ఏదైనా సరే, ప్రయాణం టైం తక్కువ వెయ్యకండి. ఆ లాడ్జ్‌కి మోనోరైలూ పడవా లేవు, బస్సే. ఒక డిస్నీ హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి తిన్నగా బస్సు ఉండదు, ఏదో ఒక పార్కుకో, షాపులుండే డిస్నీ స్ప్రింగ్స్‌కో వెళ్లి మారాలి. గంటన్నర చేతిలో పెట్టుకోండి. ఏడుగురికి రెండు ఉబర్లు పిలిస్తే పావుగంట పని, కానీ పాపకి కార్ సీటు మీరే తెచ్చుకోవాలి. సొంత కారైతే గేటు దగ్గర రిజర్వేషన్ చూపిస్తే పార్కింగ్‌కి డబ్బు తీసుకోరు.

డిసెంబర్‌లో అక్కడ ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. రాత్రి భోజనం ఐదింటి ప్రాంతంలో తీసుకుని, నాలుగింటికల్లా లాడ్జ్‌కి చేరితే లాబీ వెనక గట్టు మీంచి జీబ్రాల్ని చూసి లోపలికి వెళ్లొచ్చు. తిని వచ్చాక చూద్దాం అనుకుంటే చీకట్లో సరిగ్గా కనపడవు. కారప్పొడి పొట్లం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి, గాజు సీసా వద్దు, మరుసటి రోజు అదే బ్యాగుతో వెళ్తే పార్కు గేటు దగ్గర తీయించేస్తారు.