నా పేరుతో వెళ్తున్న ఆహ్వానాలు ఆపేదెలా?

మిర్చియార్డు: గుంటూరులో కమీషన్ వ్యాపారం మాది. ఒక వెబ్‌సైటు నా జీమెయిల్లో చిరునామాలన్నీ లాగేసి, ఖమ్మం పార్టీల నుంచి ఆడిటరు గారి దాకా నా పేరుతో 'రండి, చేరండి' అని పంపింది. మళ్లీ రిమైండర్లు! మాకు బాకీ ఉన్నాయన ఫోన్ చేసి, "ఇలా కూడా అడుగుతారటండీ?" అన్నాడు.

బ్రాడీపేట: గూగుల్ ఖాతాలో థర్డ్ పార్టీ కనెక్షన్లలోకి (బయటి సైట్లకు మీరిచ్చిన అనుమతులు అక్కడుంటాయి) వెళ్లి ఆ సైటును తీసేయండి. ఐతే ఇప్పటికే లాగినవి వాళ్ల దగ్గరే ఉంటాయి. సైటులోనూ విడిగా తుడిచెయ్యాలి.

బీసెంట్‌రోడ్డు: రిమైండర్లే అసలు గొడవ. ఉద్యోగ పరిచయాల సైటు లింక్డ్‌ఇన్ మీద ఇలాంటి ఆహ్వానాల గురించే అమెరికాలో నడిచిన కేసులో, మొదటి ఆహ్వానానికి ఒప్పుకున్నంత మాత్రాన రిమైండర్లకూ ఒప్పుకున్నట్టు కాదన్నారు జడ్జి. 2015లో ఆ కంపెనీ 1.3 కోట్ల డాలర్లకు రాజీపడింది.

మిర్చియార్డు: తీసేశానండీ. పాస్‌వర్డు కూడా మార్చాలా?

బ్రాడీపేట: మెయిల్ పాస్‌వర్డు ఆ సైటులోనే కొట్టి ఉంటే వెంటనే మార్చండి.