అప్‌డేట్: కార్డ్‌స్టాక్ రాకెట్ బాడీ ట్యూబు అతుకు విడిపోవడం ఆగింది

కార్డ్‌స్టాక్‌తో (మందపాటి కాగితంతో) చేస్తున్న నమూనా రాకెట్ బాడీ ట్యూబు అతుకు దగ్గర విడిపోతోందని, పైగా గుండ్రంగా కాక కోడిగుడ్డులా వస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టు అసలు సంగతి కాగితం పోగు దిశలోనే, అంటే కాగితంలోని నార ఎటువైపు సాగి ఉందన్న దానిలోనే ఉంది. పోగు ట్యూబు పొడవు వెంట ఉంటే షీటు తేలిగ్గా చుట్టుకుంటుంది. అడ్డంగా ఉంటే ముడతలు పడి, జిగురు మీద ఎదురు తిరుగుతుంది. షీటుని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే తెలిసిపోతుంది, తక్కువ బిగువుగా వంగే వైపే చుట్టాలి.

అంచు మీద అంచు వేయడం మానేసి, రెండంచులూ ఎదురెదురుగా ఆనించి లోపల 10 మి.మీ. పట్టీ అంటించాను. బయట గట్టు కనిపించదు. పట్టీని ముందు ఒక అంచుకే అంటించి, పూర్తిగా ఆరాకే రెండోది కలపాలి. తెల్ల జిగురు పల్చగా రాయాలి, ఎక్కువైతే తేమకి కార్డు ఉబ్బుతుంది.

గుండ్రదనం కోసం రెండు చివర్లా, మధ్యలో ఒకటి మందపాటి అట్ట డిస్కులు పెట్టాను. 0.3 మి.మీ. మందం షీటు 125.7 మి.మీ. వెడల్పున చుడితే లోపలి వ్యాసం దాదాపు 39.7 వస్తుంది, 40 కాదు. డిస్కు 40కి కోస్తే అతుకు మళ్లీ విచ్చుకుంటుంది.

ముక్కు శంకువు మొన మాత్రం ఇంకా కాస్త నలుగుతోంది.