అక్టోబర్ ట్రిప్పు: మాస్ మోకా గోడలు, మన ముగ్గులు – ఎవరెవరు ఏం చూసుకుంటారు?

అందరికీ నమస్తే. నేనింకా తిరుపతిలోనే ఉండాను, బోస్టన్ వచ్చేదానికి మూడు వారాలు పడతాది. మీరు రాత్రి తొమ్మిదికి కాల్ పెడితే ఈడ తెల్లారి పాలవాడు వచ్చే టైము, అందుకని అంతా ఇక్కడే రాసేస్తా, తిట్టుకోకుండా చదివి, ఎవరి పని గురించి వాళ్ళు దీని కిందే రాయండి.

మాస్ మోకా, అదే నార్త్ ఆడమ్స్ ఊర్లో ఉండే ఆర్ట్ మ్యూజియం, దాని గురించి పోయిన మీటింగులో ఒకరు అన్నారు, పేరు చెప్పను, 'ఆడ బొమ్మలే లేవంట కదా, గోడ మీద గీతలు చూసేదానికి మూడు గంటల డ్రైవా' అని. నిజమే, దేవుడి బొమ్మ లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. సోల్ లెవిట్ అనే అమెరికా ఆర్టిస్టు గోడల మీద గీయించినవి 105 ఉండాయి, మూడంతస్తుల బిల్డింగు నిండా. గీయించినవి అంటున్నా, గీసినవి కాదు. ఆయన మాటల్లో చెప్తాడు, గీసేది వేరేవాళ్ళు. 1971లో ఒకదానికి ఆయన చెప్పింది ఇంతే, సుమారు పది అంగుళాల గీతలు పదివేలు, గోడంతా సమంగా రావాలి అని. ఆయన 2007లో పోయినాడు, ఏది యాడ రావాలో ముందే చూసి పెట్టేసినాడు, ఆ తర్వాత 2008లో ఒక అరవై అయిదు మంది, కుర్ర ఆర్టిస్టులూ స్టూడెంట్లూ, ఆరు నెలలు నిలబడి వేసినారు. కింద అంతస్తులో ఎక్కువ పెన్సిలు గీతలే, పైకి పోయే కొద్దీ రంగులు కొట్టొచ్చినట్టు ఉంటాయి. పిల్లోళ్ళని ముందు పైకి తీసుకుపోతే కిందవి చూడనే చూడరు, కిందనించే మొదలుపెట్టండి.

ఇదంతా మా అమ్మకి చెప్తే ఏమన్నిందో తెలుసా, 'దాన్లో ఏముంది, సంక్రాంతికి నేను నీకు ఫోన్లో చెప్పేది అదే కదా' అనింది. 13 చుక్కలు, సందు చుక్క, 7 వరకు. అంతే చెప్తాది ఆమె. మా డ్రైవ్‌వేలో చలికి వేళ్ళు కొంకర్లు పోతా నేను వేస్తే ఆ వంకర నాది, ముగ్గు ఆమెది. (ఈడ మా అపార్ట్‌మెంట్లో సగం గుమ్మాలకి స్టిక్కర్ ముగ్గులే, అది వేరే బాధ.)

అందుకే నేననేది, ట్రిప్పుకి ముందు ఆదివారం మన హాల్లో పిల్లోళ్ళని మూడు గుంపులు చేసి, మూడు గుంపులకీ అమ్మ చెప్పే ఆ ఒకటే మాట తెలుగులో చదివి వినిపించి, గోడకి అతికించిన పేపర్ రోల్ మీద గీయమందాం. బొమ్మ చూపించొద్దు. మూడూ పక్కపక్కన పెడితే ఇంక మ్యూజియంలో మనం లెక్చర్ ఇచ్చే పని ఉండదు.

ఇంకోటి. ఆ మ్యూజియం 1999లో తెరిచినారు గానీ మొదట అది బట్టల మీద అచ్చులేసే మిల్లు, ఆర్నాల్డ్ ప్రింట్ వర్క్స్, 1942 దాకా నడిచింది. ఇది చదివినాక ఊరికే ఉండలేక నిన్న కాళహస్తి పోయొచ్చినా. కలంకారీ ఆయన వెదురు కలానికి చుట్టిన గుడ్డని వేళ్ళతో నొక్కతా గీత లాగతాంటే చూస్తా నిలబడిపోయినా. కరక్కాయ పట్టించిన బట్ట కదా, బెల్లమూ ఇనుమూ ఊరబెట్టిన కసిం తగలంగానే నల్లబడతాది, తప్పుపోతే తుడిచేదానికి లేదు. నాలుగు మీటర్ల బట్ట, పది కలాలు తీసుకున్నా. బర్రెపాలలో ముంచిన బట్ట, నా సూట్‌కేసంతా అదే వాసన.

బస్సు చూసేవాణ్ణి: అక్కా, బస్సుకి 48 సీట్లు, ఇప్పటికి 31 మంది పేర్లిచ్చినారు. రూట్ 2లో నార్త్ ఆడమ్స్ దిగే ముందు ఒక పెద్ద హెయిర్‌పిన్ మలుపు ఉంది, తిరుమల ఘాట్‌లో వాంతులు చేసుకునే బ్యాచ్ అంతా ముందు సీట్లలో కూర్చోండి ప్లీజ్, పోయినసారి క్లీనింగ్ డబ్బులు నా జేబులోంచి పోయినాయి. ఆకులు రంగు మారే సీజను, ట్రాఫిక్ ఉంటాది, ఆరున్నరకి బయలుదేరాల్సిందే, ఆరున్నర అంటే ఆరున్నర.

వంట టీం: చిత్రాన్నం, పెరుగన్నం, ఊరిబిండి. గ్యాలరీల్లోకి తిండి తీసుకుపోనీరు, బస్సు దగ్గరే తినేసి పోదాం. సంగటి అడిగినోళ్ళకి దండం, బస్సులో కుదరదు.

లెక్కలు చూసేవాణ్ణి: పదిమంది దాటితే గ్రూప్ టికెట్ ఉంటుందేమో ఫోన్ చేసి కనుక్కుంటా, అంతదాకా ఎవరూ ఆన్‌లైన్‌లో కొనొద్దు. పేపర్ రోల్‌కి ఓకే. మ్యూజియం వాకిట్లోనే ముగ్గు వేద్దాం అన్న బావగారికి మాత్రం నో.

మళ్ళీ నేనే: బావా, నిజంగా వెయ్యాలని ఉంటే మ్యూజియం వాళ్ళకి ఒక మెయిల్ పెట్టు, పర్మిషన్ ఇస్తే నేనే పిండి తెస్తా, చెప్పకుండా మాత్రం వద్దు. లోపల గోడకి వేలు తగిలినా గార్డు వస్తాడు, పెన్సిలు గీతలు అవి, చెరిగిపోతాయి. చిన్నపిల్లలున్న ఒక్కో ఇంటికి ఒక వాలంటీర్ కావాలి, నలుగురు చేతులెత్తండి.

బస్సు చూసేవాణ్ణి: ఒక చెయ్యి నాది. అక్కా, అమ్మ చెప్పిన ముగ్గు ఇప్పుడే కాగితం మీద వేసి చూసినా, కొన కోసేసిన త్రికోణం మాదిరి వస్తాంది, నాకు మొత్తం 70 చుక్కలే.

మళ్ళీ నేనే: ఒక పక్కే తగ్గించుకుంటా పోయినావు తమ్ముడూ. 13 నడుమ వరస. దానికి పైనా కిందా రెండు పక్కలా 12, 11, 10 అట్ల 7 దాకా రావాలి. 127 ఉంటాయి, ఎంచుకో. హాల్లో చదివేటప్పుడు ఈ ముక్క పిల్లోళ్ళకి చెప్పొద్దు.