పర్లాకిమిడిలో ప్రాక్టీసు: సన్నదు (వకీలుగా ప్రాక్టీసుకి ఇచ్చే పత్రం) ఎక్కడ తీసుకోవాలి, బార్ అసోసియేషన్‌లో చేరక తప్పదా?

పర్లాకిమిడి వాసి
అందరికీ నమస్కారం. మా చెల్లెలు విశాఖపట్నంలో మూడేళ్ల ఎల్.ఎల్.బి. పూర్తి చేసింది. ప్రాక్టీసు మాత్రం ఒడిశాలో, మా పర్లాకిమిడి కోర్టులోనే. అవసరమైతే పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం కోర్టుకీ వెళ్తానంటోంది. చదువు ఆంధ్రాలో కదా, మరి ఎన్‌రోల్‌మెంట్ అక్కడా, ఒడిశా బార్ కౌన్సిల్ ఉన్న కటక్‌లోనా? రెండుచోట్లా పేరు పెట్టుకోవచ్చా? ఫీజు ముప్పై వేలని ఒకరు, వెయ్యి లోపేనని మరొకరు చెప్తున్నారు. బార్ అసోసియేషన్ సభ్యత్వం లేకపోతే వాదించనివ్వరన్నది నిజమేనా? ఇంకోటి, మా బట్టల కొట్టు జీఎస్టీ ఆమె పేరు మీదే ఉంది. అదేమైనా అడ్డు వస్తుందా?

గంజాం వకీలు
బాబూ, ముందు రెండు సంస్థల్ని విడదీసి చూడండి. రాష్ట్ర బార్ కౌన్సిల్ 1961 అడ్వకేట్స్ యాక్ట్ కింద ఏర్పడింది. దాని రోలులో (వకీళ్ల జాబితాలో) పేరు లేకుండా ప్రాక్టీసు చేస్తే సెక్షన్ 45 కింద ఆరు నెలల దాకా జైలు. బార్ అసోసియేషన్ అనేది ఆ కోర్టు వకీళ్లు కలిసి పెట్టుకున్న సంఘం. అందులో సభ్యత్వం లేదని వకాల్తా (కక్షిదారు వకీలుకి ఇచ్చే అధికార పత్రం) తిప్పి పంపమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అయినా చేరమనే చెప్తాను. కూర్చోడానికి చోటు, లైబ్రరీ, రోజువారీ కబుర్లు అన్నీ అక్కడే. కానీ అది తన ఇష్టం.

ఎక్కడ చదివారన్నదాన్నిబట్టి ఎన్‌రోల్‌మెంట్ ఉండదు. ఎక్కడ ప్రాక్టీసు చేయదలిచారో ఆ రాష్ట్ర కౌన్సిల్‌కే దరఖాస్తు పెట్టాలని సెక్షన్ 25 చెప్తుంది. కాబట్టి ఆమెకి కటక్. రెండు రాష్ట్రాల రోలుల్లో పేరు ఉండకూడదు, సెక్షన్ 17(4). ఉండాల్సిన అవసరమూ లేదు. సెక్షన్ 30 అమల్లోకి వచ్చిన 2011 జూన్ 15 నుంచి ఒక్క సన్నదుతో దేశంలో ఏ కోర్టులోనైనా నిలబడొచ్చు. కటక్ సన్నదుతో పాతపట్నంలో వాదించొచ్చు.

ఒక జాగ్రత్త. ఒక కౌన్సిల్ దరఖాస్తు తిరస్కరిస్తే, అదే కౌన్సిల్, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రెండూ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఇంకో రాష్ట్రంలో దరఖాస్తు పెట్టడానికి లేదు, సెక్షన్ 27. కాగితాలు తేలిగ్గా తీసుకుని పంపకండి.

మన సరిహద్దులో ఎక్కువగా బెడిసికొట్టేది పేరు దగ్గరే. పదో తరగతి ఒడిశా బోర్డులో, డిగ్రీ ఆంధ్రాలో అయితే ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఒకదాంట్లో వెనక, ఇంకోదాంట్లో ఒట్టి అక్షరం. మూడూ ఒకరివే అని ముందే అఫిడవిట్ చేయించి జతపరచండి. క్రిమినల్ కేసు ఏదైనా ఉంటే దాచొద్దు. ముఖ్యమైన విషయం దాచి పేరు ఎక్కించుకున్నారని తేలితే సెక్షన్ 26 కింద రోలు నుంచి తీసేసే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఉంది.

ఫీజుల సంగతి
ముప్పై వేల మాట పాతది. సెక్షన్ 24(1)(ఎఫ్) ప్రకారం రాష్ట్ర కౌన్సిల్‌కి 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి 150, మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 100, 25 కలిపి 125. స్టాంపు డ్యూటీ ఉంటే అది విడిగా ప్రభుత్వానికి వెళ్తుంది. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అంతకు మించి వసూలు చేయకూడదని తేల్చింది. ఆ తీర్పు అప్పటినుంచే వర్తిస్తుంది కాబట్టి అంతకుముందు కట్టినవాళ్లకి వాపసు రాదు. ‘ఐచ్ఛికం’ అని పేరు పెట్టి అడగడం కూడా కుదరదని 2025 ఆగస్టులో మళ్లీ చెప్పింది. ఎవరైనా ఎక్కువ అడిగితే ఏ పద్దు కింద అని రాతపూర్వకంగా అడగండి. కూలి చేసి పిల్లల్ని చదివించిన రాయగడ, కొరాపుట్ ఇళ్లకి ఈ తేడా ఎంతదో అందరికీ తెలుసు.

ఎన్‌రోల్ అయ్యాక ఆలిండియా బార్ పరీక్ష ఉంది. మొదట వచ్చేది తాత్కాలిక సర్టిఫికెట్, రెండేళ్లలోపు పరీక్ష గట్టెక్కాలి. 100 ప్రశ్నలు, తప్పుకి మార్కు కోత లేదు. పాస్ మార్కు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40. తెలుగులోనూ రాయొచ్చు. బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా ఒట్టి చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు) చేత్తో ఏమీ రాయనివైతే లోపలికి తీసుకెళ్లొచ్చు, కానీ ఏ సెక్షన్ ఎక్కడుందో చేతికి అలవాటు లేకపోతే వెతకడానికే టైము అయిపోతుంది. సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ ప్రొసీజర్, రాజ్యాంగం, ఒక్కోదానికి 10 ప్రశ్నలు. ఆ మూడూ ముందు పట్టుకోమనండి.

సిరొంచ నుంచి
మాది మహారాష్ట్ర, గోదావరి దాటితే తెలంగాణ, కాబట్టి ఈ ప్రశ్న మాకూ రోజూ ఉండేదే. సన్నదు దేశమంతటా చెల్లినా వకాల్తా మీద అంటించే వకీళ్ల సంక్షేమ నిధి స్టాంపు ఆ కోర్టు ఉన్న రాష్ట్రానిదే ఉండాలి. మహారాష్ట్రలో దీనికి 1981 చట్టం ఉంది. ఇంకో రాష్ట్రం స్టాంపు అంటిస్తే ఆఫీసు అభ్యంతరం రాసి తిప్పి పంపుతుంది, ఆ వాయిదా పోయినట్టే. మీ చెల్లెలిని రెండు రాష్ట్రాల స్టాంపులూ సంచిలో ఉంచుకోమనండి.

బయటి రోలు వకీలు స్థానిక వకీలుతో కలిసి వకాల్తా వేయాలని హైకోర్టులు సెక్షన్ 34 కింద నియమం పెట్టుకోవచ్చు. అలహాబాద్ హైకోర్టు నియమాన్ని సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. కొత్త హైకోర్టుకి వెళ్లేముందు అక్కడి నియమాలు చూసుకోవాలి.

పెళ్లయి రాష్ట్రం మారితే కొత్తగా ఎన్‌రోల్ కానక్కర్లేదు. సెక్షన్ 18 కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి బదిలీ దరఖాస్తు పెడితే చాలు, చట్టం ప్రకారం దానికి ఫీజు లేదు. క్రమశిక్షణ ఫిర్యాదు పెండింగ్‌లో ఉంటే మాత్రం ఆపొచ్చు.

పర్లాకిమిడి వాసి
చాలా థాంక్స్ సార్. కొట్టు విషయం ఎవరైనా చెప్పగలరా? ఒడియా మాట్లాడుతుంది కానీ చదవడం అంతంతమాత్రం.

గంజాం వకీలు
వకీలు స్వయంగా వ్యాపారం నడపకూడదు, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన 47. పెట్టుబడి పెట్టి నిర్వహణకి దూరంగా ఉండే భాగస్వామిగా ఉండొచ్చు. అందుకని దరఖాస్తుకి ముందే జీఎస్టీని మీ పేరుకో నాన్నగారి పేరుకో మార్చండి. రేపు ఎదుటి పక్షంవాళ్లు ఫిర్యాదు చేస్తే ఆ రిజిస్ట్రేషన్ కాగితమే సాక్ష్యం అవుతుంది. పూర్తికాలం జీతం ఉద్యోగంలో చేరినా నిబంధన 49 కింద కౌన్సిల్‌కి తెలిపి ప్రాక్టీసు ఆపాలి. లా పాఠాలు పార్ట్‌టైముగా చెప్పుకోవచ్చు.

ఒడియా చదవడం మాత్రం వాయిదా వేయొద్దమ్మా అని చెప్పండి. భూమి రికార్డులు, పోలీసు కాగితాలు ఒడియాలో వస్తాయి, గుమస్తా చదివి చెప్తే విని వాదించడం ప్రమాదం. అలాగని తెలుగు చదువు వృథా కాదు. 1936కి ముందు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, పాత దస్తావేజులు తెలుగులో బయటపడుతుంటాయి. రెండు లిపులూ వచ్చిన వకీలుని సివిల్ కేసుల్లో జనం వెతుక్కుంటూ వస్తారు.